"కొత్త విండోలో తెరవబడును": ఎలా రాయాలి, అసలు రాయాలా?

గుణింతం: లింకు పక్కన పెట్టే హెచ్చరికకు తెలుగులో రకరకాల రూపాలు తిరుగుతున్నాయి: "కొత్త విండోలో తెరవబడును", "క్రొత్త కిటికీలో తెరుస్తుంది", "కొత్త ట్యాబ్‌లో తెరుచుకుంటుంది". అనువాద పట్టికలో ఒకటే రూపం ఖాయం చెయ్యాలంటే ఏది పెట్టాలి? కిటికీయే ఉంచాలన్న వాదన కూడా ఉంది.

అరసున్న: ముందు క్రియ సంగతి. "తెరవబడును" వ్యాకరణానికి తప్పు కాదు, చెవికి తప్పు. దానంతట అది జరిగినట్టు తోచే పనికి మనం "కొను" చేరుస్తాం. గాలికి తలుపు తెరుచుకుంది అంటాం, తెరవబడింది అనం. "తెరుస్తుంది"కి కర్మ కావాలి, దేన్ని తెరుస్తుందో చెప్పకపోతే వాక్యం కుంటుతుంది. కాబట్టి క్రియ ఉండాల్సిందే అంటే "తెరుచుకుంటుంది". నన్నడిగితే అదీ అక్కర్లేదు. "దరఖాస్తు సూచనలు – కొత్త ట్యాబులో" అంటే అర్థం పూర్తయింది, మిగతా పని ఆ "లో" చేస్తుంది.

పొల్లు: అరసున్న గారు "ట్యాబ్‌లో" అనకుండా "ట్యాబులో" అనడం గమనించారా? అక్కడే ఉంది కీలకం. "ట్యాబ్‌లో" అన్నప్పుడు బ్ తర్వాత కంటికి కనపడని అక్షరం ఒకటి ఉంటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్, యూనికోడ్ సంఖ్య 200సి. అది జారిపోతే బకారం కింద లావత్తు చేరి "ట్యాబ్లో" అవుతుంది. కొన్ని సైటు నిర్వహణ సాఫ్ట్‌వేర్లు కనపడని అక్షరాలను చెత్త అనుకుని సేవ్ చేసేటప్పుడు ఊడ్చేస్తాయి. ఒక పేజీలో ఆ అక్షరం ఉండి, ఇంకో పేజీలో లేకపోతే వెతుకులాటలోనూ తేడా వస్తుంది. వెతికే సాధనం దాన్ని పట్టించుకునేదైతే ఒక రూపానికి రెండోది దొరకదు. చివర ఉకారం చేర్చి ట్యాబు, ట్యాబులో, ట్యాబులు అంటే ఈ తంటానే లేదు. లింకు, బస్సు, రైలు ఇలా వచ్చినవే.

గుడిదీర్ఘం: ఇక విండోనా ట్యాబా. లింకు కోడులో టార్గెట్ అనే లక్షణానికి "_బ్లాంక్" విలువ ఇస్తే పేజీ కొత్తచోట తెరవమని అడిగినట్టే. ఆ కొత్తచోటు ట్యాబా విండోనా అన్నది బ్రౌజరూ వాడేవారి సెట్టింగూ తేలుస్తాయి. ఇప్పటి బ్రౌజర్లలో మామూలుగా ట్యాబే. "విండో" అన్నది ట్యాబులు ఇంకా ఇంటింటా లేని కాలపు మాట. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు ట్యాబులు వచ్చిందే 2006లో, 7వ వెర్షనుతో. జావాస్క్రిప్ట్‌తో పొడవు వెడల్పులు ఇచ్చి చిన్న పెట్టెలా తెరిచినప్పుడు మాత్రం "చిన్న విండోలో" అనడం న్యాయం. కిటికీ అంటారా, మెనూలన్నీ విండో అంటుంటే హెచ్చరిక ఒక్కటీ కిటికీ అంటే చదివేవారు ఆగి ఆలోచిస్తారు. హెచ్చరిక పని అది కాదు.

గుణింతం: సరే, "కొత్త ట్యాబులో". మరి లింకు ముందా, వెనకా?

గుడిదీర్ఘం: వెనకే. చూపులేనివారు తెరమీదిది చదివి వినిపించే ఎన్‌వీడీఏ, జాస్ లాంటి స్క్రీన్ రీడరుతో లింకుల జాబితా తెరుస్తారు. ఎన్‌వీడీఏలో ఎన్‌వీడీఏ మీటతో ఎఫ్7, జాస్‌లో ఇన్సర్ట్‌తో ఎఫ్7. అందులో మొదటి అక్షరం కొట్టి కావలసిన లింకుకు దూకడం వాళ్ళ అలవాటు. ప్రతి లింకూ "కొత్త" అని మొదలైతే క కొట్టగానే అన్నీ వరసకడతాయి. హెచ్చరిక లింకు లోపలే ఉండాలి, పక్క వాక్యంలో ఉంటే ఆ జాబితాలో వినపడదు. బాణం బొమ్మ ఒక్కటే పెడితే చాలదు, దానికి ప్రత్యామ్నాయ పాఠం తెలుగులో ఉండాలి.

అరసున్న: ఇంత చర్చ పెట్టాం గానీ, ఆ మాట రాయాల్సిన అవసరమే చాలాచోట్ల రాకూడదు. ఉన్న ట్యాబులోనే తెరిస్తే హెచ్చరికే అక్కర్లేదు కదా.

పొల్లు: బయటి సైటుకు పంపే లింకయినా కొత్త ట్యాబులో ఉండొద్దా? చదివేవారు మన పేజీ వదిలిపోతారు.

అరసున్న: వదలదలచినవారు ఎలాగూ వదులుతారు, పొల్లు గారూ. మామూలు లింకును కొత్త ట్యాబులో తెరుచుకోవాలంటే కంట్రోల్ నొక్కి క్లిక్ చేస్తే చాలు, మ్యాక్‌లో కమాండ్, లేదా మౌసు నడిమి బొత్తాం. కొత్త ట్యాబులోనే తెరవాలని మనం బిగించిన లింకును ఉన్న ట్యాబులో తెరుచుకోవడానికి అంత తేలిక మీట లేదు. పైగా కొత్త ట్యాబుకు చరిత్ర ఉండదు. డెస్క్‌టాప్‌లో వెనక్కి బొత్తాం సాధారణంగా బూడిదరంగులో చచ్చిపడి ఉంటుంది, ట్యాబు మారిందని గమనించనివారు అక్కడే చిక్కుకుంటారు. వెబ్ వాడుక తీరును పరిశోధించే నిపుణుడు జేకబ్ నీల్సన్ దీన్ని 1999లోనే తప్పుల జాబితాలో చేర్చాడు.

గుడిదీర్ఘం: వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ సంస్థ, వైకల్యం ఉన్నవారికీ సైట్లు అందేలా రాసిన అందుబాటు మార్గదర్శకాలకు తోడుగా ఇచ్చిన మెలకువల్లో కొత్త ట్యాబు మేలనదగ్గ సందర్భాలు రెండు కనిపిస్తాయి. ఒకటి, ఫారం సగం నింపి ఉండగా సహాయం పేజీ చూడాల్సి రావడం, అదే ట్యాబులో తెరిస్తే నింపింది పోవచ్చు. రెండు, లాగిన్ అయి ఉన్నచోటి నుంచి బయటికెళ్తే లాగిన్ తెగిపోవడం. మీ సైటులో ఈ రెండింటికీ సరిపడే లింకులు లెక్కపెట్టండి, వేళ్ళమీదే తేలతాయి.

గుణింతం: ఉంచిన వాటికి కోడులో ఇంకేం చూడాలి?

గుడిదీర్ఘం: లింకుకు రెల్ అనే లక్షణంలో "నోఓపెనర్" పెట్టండి. అది లేకపోతే తెరుచుకున్న పేజీ మన పాత ట్యాబును దొంగ లాగిన్ పేజీకి మళ్ళించగలదు. క్రోమ్ 88, ఫైర్‌ఫాక్స్ 79 నుంచి బ్రౌజర్లే "_బ్లాంక్" లింకులకు ఈ కాపు ఇస్తున్నాయి, అయినా పాత బ్రౌజర్ల కోసం రాసి ఉంచడమే మంచిది. "_బ్లాంక్" బదులు "సహాయం" లాంటి సొంత పేరు పెట్టి, నోఓపెనర్ లేకుండా వదిలితే ఇంకో చిక్కుంది: రెండో లింకు కూడా మొదట తెరిచిన ట్యాబులోకే పోతుంది. అది వెనక దాగి ఉంటే, లింకు పనిచెయ్యడం లేదని జనం మళ్ళీ మళ్ళీ నొక్కుతారు.

పొల్లు: తెలుగు పేజీల్లో తరచూ జరిగేది ఇంకొకటి. పైకి కనపడే పాఠం తెలుగులోకి మార్చి, స్క్రీన్ రీడరు చదవడానికని కోడులో విడిగా రాసే ఏరియా లేబుల్‌ను మరిచిపోతారు. లింకుకు ఏరియా లేబుల్ ఉంటే స్క్రీన్ రీడరు లోపలి పాఠం వదిలేసి దాన్నే చదువుతుంది, కాబట్టి చూసేవారికి తెలుగు, వినేవారికి ఇంగ్లీషు. అనువాద పట్టికలో దానికి వేరే వరస పెట్టండి, లేదంటే లేబుల్ తీసేసి హెచ్చరికను లింకు పాఠంలోనే రాయండి. పేజీ భాషా సంకేతం తెలుగు అని ఉందో లేదో కూడా చూడండి. ఇంగ్లీషు అని ఉండిపోతే "కొత్త ట్యాబులో" అన్నదాన్ని ఇంగ్లీషు గొంతు ఖూనీ చేస్తుంది, లేదా అసలు పలకనే పలకదు.