కిండర్‌గార్టెన్ రెండున్నర గంటలేనంట, ఉద్యోగం ఎలా చెయ్యాలి? (న్యూజెర్సీ)

నిహాల్_అమ్మ
అందరికీ నమస్తే. మా బాబుకి జూలైలో 5 నిండుతాయి, ఈ సెప్టెంబర్‌లో కిండర్‌గార్టెన్. పబ్లిక్ స్కూల్ మొదలైతే డేకేర్ ఖర్చు తప్పుతుందని రెండేళ్ళ నుంచి రోజులు లెక్కపెట్టుకుంటున్నాను. నిన్న రిజిస్ట్రేషన్‌కి వెళ్తే తెలిసింది మా టౌన్లో హాఫ్ డేనే అని. పొద్దున సెషన్ 8:50 నుంచి 11:20, మధ్యాహ్నం సెషన్ 12:40 నుంచి 3:10. ఏది వస్తుందో ఆగస్టులో చెప్తారంట, మనం అడగడానికి లేదంట. ఇల్లు కొనేటప్పుడు హైస్కూల్ రేటింగ్ దాకా చూశాం, కిండర్‌గార్టెన్ ఎన్ని గంటలో చూడాలని ఎవరికి తడుతుంది చెప్పండి. నాది హెచ్4 ఈఏడీ (మా ఆయన వీసా మీద వచ్చిన వర్క్ పర్మిట్), వారానికి మూడు రోజులు ఆఫీసు, మా ఆయన రోజూ ట్రైన్లో సిటీకి. 11:20కి స్కూల్ గేటు దగ్గర ఎవరుండాలి? స్కూల్ వాళ్ళ ర్యాపరౌండ్ (క్లాసు లేని గంటల్లో పిల్లల్ని అక్కడే చూసుకునేది) ఉంది కానీ లాటరీ, తగిలినా నెలకి 1,100 డాలర్లు. మూడు విషయాలు చెప్పండి. స్టేట్ ఏదో కొత్త చట్టం తెచ్చిందంట, అది మాకు ఈ ఏడాది వర్తిస్తుందా? ర్యాపరౌండ్ డబ్బు ఎఫ్ఎస్ఏలో (పిల్లల్ని చూసుకునే ఖర్చుకి జీతంలోంచి టాక్స్ లేకుండా పక్కన పెట్టుకునే డబ్బు) చూపించొచ్చా? స్కూల్ నుంచి వ్యాన్లో తీసుకెళ్ళే డేకేర్లు ఎవరైనా వాడారా, పిల్లలు భయపడకుండా ఎక్కుతారా?

డాలస్_గోదారోడు
అక్కా టెక్సాస్ వచ్చెయ్యండి. ఇక్కడ కిండర్ సంగతి అటుంచండి, మా పాపకి నాలుగేళ్ళప్పుడే పబ్లిక్ స్కూల్లో ప్రీకే (కిండర్‌కి ముందు ఏడాది) దొరికింది, పొద్దున 7:40 నుంచి మధ్యాహ్నం దాకా, రూపాయి కట్టలేదు. 2019లో హౌస్ బిల్ 3 అని తెచ్చారు, అర్హత ఉన్న నాలుగేళ్ళ పిల్లలకి ఫుల్ డే పెట్టాల్సిందే. ఆదాయం తక్కువుంటేనే అనుకుంటారు మనోళ్ళు, కాదు, పిల్లకి ఇంగ్లీష్ రాకపోయినా అర్హతే. ఫారంలో ఇంట్లో మాట్లాడే భాష తెలుగు అని రాశాం, టెస్ట్ పెట్టారు, సీటిచ్చారు. డేకేర్‌కి నెలకి 1,300 కట్టేవాళ్ళం, ఆ ఏడాది మొత్తం మిగిలింది.

రారిటన్_ఒడ్డు
ఆవిడ అడిగింది న్యూజెర్సీ గురించి. చట్టం ఉందండి, 2025 జూలైలో గవర్నర్ మర్ఫీ సంతకం పెట్టారు, ప్రతి స్కూల్ డిస్ట్రిక్ట్ ఉచితంగా ఫుల్ డే కిండర్‌గార్టెన్ పెట్టాలి. కానీ గడువు 2029-30 స్కూల్ ఇయర్. అప్పటికి మీవాడు మూడో క్లాసులో ఉంటాడు. ఈలోపు మీ డిస్ట్రిక్ట్ ముందే పెడితే పెట్టినట్టు, లేకపోతే లేదు. మా పెద్దదానికి హాఫ్ డే, చిన్నదానికీ హాఫ్ డే, రెండుసార్లూ నేనే ఉద్యోగంలో పార్ట్‌టైమ్‌కి దిగాను. ఆ మూడేళ్ళలో నాతో చేరినవాళ్ళు మేనేజర్లయ్యారు.

శ్రావణి_ఫ్రిస్కో
@డాలస్_గోదారోడు మీరు సగమే చెప్తున్నారు. తెలుగు అని రాస్తే పిల్లకి ఎమర్జెంట్ బైలింగువల్, అంటే ఇంగ్లీష్ ఇంకా నేర్చుకుంటున్న పిల్ల అని ముద్ర పడుతుంది, తర్వాత తీసేయించుకోవడం అంత తేలిక కాదు. మా బాబు ఇంగ్లీష్ గడగడా చదివేస్తాడు, అయినా ఒకటో క్లాసు అయ్యేదాకా వదల్లేదు, ఏటా ఇంగ్లీష్ ఎంత వచ్చిందో చూసే టెల్పాస్ అని పరీక్ష. ఇంగ్లీష్ కోసం ఇచ్చే ప్రత్యేక సాయం వద్దని సంతకం పెట్టి ఇచ్చినా ఆ పరీక్ష మాత్రం రాయాల్సిందే అన్నారు. కొత్తగా వచ్చేవాళ్ళు ఇంగ్లీష్ అని రాసుకోండి, గొడవ ఉండదు.

డాలస్_గోదారోడు
అంటే అబద్ధం రాయమంటారా? మా ఇంట్లో అమ్మమ్మ ఉంటుంది, ఆవిడకి తెలుగు తప్ప ఏమీ రాదు, పాప నిద్రలేచిన దగ్గర్నుంచి తెలుగే. ఉన్నది రాశాం.

శ్రావణి_ఫ్రిస్కో
మీరు ఉన్నది రాశారు సరే. మా అపార్ట్‌మెంట్లో ఒకావిడ టెస్ట్‌కి వెళ్ళే ముందు పిల్లకి "మేడం ఏమడిగినా నోరు తెరవకు" అని చెప్పి పంపింది. నాలుగేళ్ళ పిల్లకి! ఆ పిల్ల తర్వాత రెండు నెలలు క్లాసులో మాట్లాడలేదు. ఫ్రీ సీటు కోసం చేసే ఈ పనులకి నాకు ఒళ్ళు మండుతుంది. నిజంగా ఇంగ్లీష్ రాని పిల్లల సీట్లు అవి.

డాలస్_గోదారోడు
ఎవరో చేసినదానికి నన్నెందుకు అంటున్నారు? మా పాప ఇంటికొచ్చి "నాన్నా వాటర్ ఇవ్వు" అనేదాకా ఆ నోట ఇంగ్లీష్ మాట వినలేదు మేము. మాటలు జాగ్రత్తండి.

పదేళ్ళ_ఎయిడ్
నేను టెక్సాస్‌లో ఎలిమెంటరీ స్కూల్లో బైలింగువల్ ఎయిడ్‌గా పదేళ్ళు చేశాను, వందల ఫారాలు నా చేతుల మీదుగా వెళ్ళాయి, కాబట్టి ఇద్దరూ ఆగండి. ప్రీకేలో, కిండర్‌లో ఎంత బాగా మాట్లాడినా ఆ గుర్తింపు తియ్యరు, ఒకటో క్లాసు చివరే మొదటి అవకాశం, రూలే అది. శ్రావణి గారి బాబుకి ప్రత్యేకంగా జరిగిన అన్యాయం కాదు. ఫారంలో పొరపాటు రాస్తే మార్చుకోవచ్చు, కానీ టెస్ట్ పెట్టకముందే, అదీ చేరిన రెండు వారాల్లోపే. ఇక ముద్ర అనే మాట వాడకండి. ఇంగ్లీష్ కోసం ఇచ్చే ఆ సాయం వల్ల క్లాసులో నోరు విప్పిన తెలుగు పిల్లలు నాకు తెలుసు. తల్లిదండ్రులు సిగ్గుపడి ఇంగ్లీష్ అని రాస్తే ఆ పిల్లలు వెనక బెంచీలో ఏమీ అర్థంకాక బాత్రూమ్ అడగడం కూడా రాక తడుపుకున్నారు, వాళ్ళ బట్టలు మార్చింది నేను.

మదనపల్లె_మాధవ్
అసలు ఇంగ్లీష్ అని రాసినోళ్ళ పిల్లలు ఇప్పుడు తాతతో ఫోన్లో రెండు ముక్కలు మాట్లాడలేరు. మా అన్న కొడుకు మదనపల్లె వచ్చి నెలరోజులుండి మా నాయనతో ఒక్క మాట మాట్లాడకుండా పోయినాడు. ముసలాయన వానికోసం రోజూ టమాటా తోటకి తీసుకుపోదామని రెడీ అయి కూర్చునేవాడు.

నిహాల్_అమ్మ
అండీ దయచేసి టెక్సాస్ విషయం వేరే చోట మాట్లాడుకోండి. మాకిక్కడ మే నెలలో లాటరీ. రారిటన్ గారూ థాంక్స్, 2029 అని చూడగానే ఏడుపొచ్చింది. ఒక్కటి చెప్పండి, మా పక్కన జెర్సీ సిటీలో మా తమ్ముడి పాపకి మూడేళ్ళకే ఫ్రీ ప్రీస్కూల్, అదీ ఫుల్ డే. మేం కట్టే ప్రాపర్టీ టాక్స్ వాళ్ళ రెంట్లో సగం ఉంటుంది. మాకెందుకు లేదు?

రారిటన్_ఒడ్డు
ఆబట్ కేసు వల్ల. బీద పట్టణాల బడులకి స్టేట్ సరిగా డబ్బివ్వట్లేదని ఏళ్ళ తరబడి కేసు నడిచింది, 1998లో స్టేట్ సుప్రీంకోర్టు ఫుల్ డే కిండర్‌గార్టెన్, మూడు నాలుగేళ్ళ పిల్లలకి ప్రీస్కూల్ పెట్టాలంది. అలాంటి డిస్ట్రిక్టులు 31, జెర్సీ సిటీ అందులో ఉంది. నేనైతే ఆ తీర్పు న్యాయమే అంటాను. మిగతా టౌన్లకి స్టేట్ సాయం తక్కువ, ఖర్చంతా ప్రాపర్టీ టాక్స్ మీదే, ఆ టాక్స్ ఏటా 2 శాతం మించి పెంచకూడదని 2010 నుంచి కట్టుబాటు. పైగా స్టేట్ లెక్కలో హాఫ్ డే పిల్లాడంటే సగం పిల్లాడే. ఫుల్ డే చెయ్యాలంటే గదులు రెట్టింపు కావాలి, ఒక టీచర్ పొద్దున ఒక బ్యాచ్, మధ్యాహ్నం ఒక బ్యాచ్ చెప్పేది కదా, ఇప్పుడు ఇద్దరు కావాలి. దానికి రిఫరెండం, అంటే టౌన్లో ఓటింగ్, పెడితే ఓడిపోతుంది.

రిటైర్డ్_రావు
ఓడిస్తున్నది నాలాంటివాళ్ళమే, దాచేదేముంది. నాకు 68. 1991లో వచ్చాను, ఇద్దరు పిల్లల్నీ హాఫ్ డేలోనే చదివించాం, మా ఆవిడ ఇంట్లో ఉండేది. ఇప్పుడు ఇంటి టాక్సు ఏడాదికి 16 వేలు దాటింది, నా సోషల్ సెక్యూరిటీ పెన్షన్లో సగం దానికే పోతుంది. ఇంకా పెంచుతానంటే ఇల్లు అమ్ముకుని పోవాలి. చిన్నపిల్లల్ని చూసుకోవడం తల్లిదండ్రుల బాధ్యత, ఊరిది కాదు.

సిరి_నాన్న
అంకుల్, మీ పిల్లలు హైస్కూల్ చదివినప్పుడు వాళ్ళ బడికి టాక్స్ కూడా ఆ రోజుల్లో పిల్లల్లేని ముసలివాళ్ళు కట్టారు. ఇది అన్యాయమైన మాట. మేం పదకొండేళ్ళుగా ఇక్కడ టాక్స్ కడుతున్నాం, గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్నాం, ఓటు లేదు. మా పిల్లల బడి గురించి జరిగే రిఫరెండంలో మేం చెయ్యెత్తలేం, మీరు ఎత్తి కాదంటారు. రిఫరెండం ఓడిపోయిన రోజు రిజల్ట్ చూసి నా భార్య ఉద్యోగానికి రాజీనామా మెయిల్ టైప్ చేసింది.

రిటైర్డ్_రావు
నా మీద కోపం పడి లాభం లేదు బాబూ. డబ్బు ట్రెంటన్ నుంచి, అంటే స్టేట్ ప్రభుత్వం నుంచి ఇవ్వమని అడగండి, నేనే వచ్చి సంతకం పెడతాను. మా ఇంటి టాక్సులోంచి వద్దన్నాను, అంతే.

డెన్వర్_శేషు
రావు గారు చెప్పిన చివరి ముక్కే మా కొలరాడోలో జరిగింది. 2017లో మా పెద్దోడికి ఫుల్ డే కోసం స్కూల్‌కే నెలకి 340 డాలర్లు కట్టాం, పబ్లిక్ స్కూల్‌కి ఫీజేంటని అడిగితే స్టేట్ ఒక్కో కిండర్ పిల్లాడిని పూర్తి పిల్లాడిలో 0.58 వంతుగా లెక్కేసి ఇస్తుంది, మిగతాది మీరే అన్నారు. 2019లో గవర్నర్ పోలిస్ పట్టుబట్టి బిల్లు పాస్ చేయించాడు, ఆ సెప్టెంబర్‌కే మొత్తం స్టేట్ డబ్బు. మా చిన్నోడికి ఒక్క డాలర్ కట్టలేదు. టౌన్ టౌన్‌కి రిఫరెండాలు లేవు. తల్లులు పిల్లల్ని చంకనేసుకుని క్యాపిటల్‌కి (స్టేట్ అసెంబ్లీకి) వెళ్ళి మాట్లాడారు, నేనూ ఒకరోజు సెలవు పెట్టి వెళ్ళాను, ఓటు లేని హెచ్1 వీసా మీదే ఉన్నాను అప్పుడు.

సియాటిల్_వాన
మా వాషింగ్టన్ స్టేట్‌లో కోర్టు వల్ల కూడా కదిలింది. బడులకి స్టేట్ సరిపడా ఇవ్వట్లేదని 2012లో మెక్‌క్లియరీ తీర్పు, 2016-17 నుంచి అన్ని చోట్లా ఫుల్ డే స్టేట్ డబ్బుతోనే. బీద స్కూళ్ళతో మొదలుపెట్టారు, మా దగ్గరికి ఆఖర్న వచ్చింది.

హనుమకొండ_పిల్ల
అందరు అమెరికా ముచ్చటే చెప్తున్రు. మా అమ్మ 22 ఏండ్ల సంది అంగన్‌వాడీ టీచర్. మూడేండ్ల నుంచి ఆరేండ్ల పిల్లలు, పొద్దుగాల్నించి మధ్యాహ్నం దాంక, అన్నం, గుడ్డు, చిన్నోళ్ళకి బాలామృతం అన్నీ ఉంటయి. అయినా ఊర్లో కొంచెం జీతం ఉన్నోళ్ళంతా ఎల్కేజీకి ప్రైవేట్ బస్సు ఎక్కిస్తరు, ఎందుకంటే అంగన్‌వాడీల ఇంగ్లీష్ లేదని. ఇప్పుడు సర్కారు బడులల్లనే ప్రీ ప్రైమరీ పెడ్తున్రు, 2025ల షురూ చేసిన్రు. మంచిదే, కానీ అంగన్‌వాడీకి వచ్చే ఆ నలుగురు పిల్లలు కూడా అటు పోతే మా అమ్మ సెంటర్ల ఎవరుంటరు? అంగన్‌వాడీ టీచర్లు ధర్నా చేసింది అందుకే. ఆ క్లాసులకి అమ్మసుంటోళ్ళనే ట్రైనింగ్ ఇచ్చి తీస్కోరాదా?

బెజవాడ_బాబు
ప్లే స్కూల్ ఫీజులు చూస్తే మా టైమ్‌లో ఇంజనీరింగ్ ఫీజుల్లా ఉన్నాయి. మా మేనల్లుడి ఎల్కేజీకి మా చెల్లి చేతి గాజులు బ్యాంకులో పెట్టింది. అంగన్‌వాడీ ఇంటి ఎదురుగానే ఉంది.

లెక్కల_లక్ష్మి
ఎఫ్ఎస్ఏ గురించి ఎవరూ చెప్పలేదు, నేను టాక్సులు చేస్తాను కాబట్టి చెప్తున్నా. కిండర్‌గార్టెన్ చదువు ఫీజు డిపెండెంట్ కేర్ ఎఫ్ఎస్ఏలోకి రాదు, అది చదువు ఖర్చు కింద లెక్క. ప్రీస్కూల్ వస్తుంది, బడికి ముందు, బడి తర్వాత చూసుకునే కేర్ కూడా వస్తుంది. అందుకే ర్యాపరౌండ్ వాళ్ళ రసీదులో కేర్ అని విడిగా రాయించుకోండి. కొన్ని డేకేర్లు ఆ మిగిలిన గంటల్ని "ప్రైవేట్ కిండర్" అని పేరు పెట్టి అమ్ముతాయి, అక్కడే నా క్లయింట్ ఒకాయన క్లెయిమ్ తిరగ్గొట్టారు. 2026 నుంచి పరిమితి 5,000 నుంచి 7,500కి పెంచారు, మీ కంపెనీ ప్లాన్ దాన్ని అమలు చేసిందో లేదో హెచ్ఆర్‌ని అడగండి. భార్యాభర్తలిద్దరికీ సంపాదన ఉండాలి, ఈఏడీ రెన్యువల్‌లో గ్యాప్ వస్తే ఆ నెలల్ని జాగ్రత్తగా చూసుకోవాలి.

శ్రావణి_ఫ్రిస్కో
@పదేళ్ళ_ఎయిడ్ బాత్రూమ్ విషయం చదివాక రాత్రి నిద్రపట్టలేదు. ఇంగ్లీష్ అని రాయమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నోరు తెరవకని నేర్పడం మాత్రం తప్పే, అది మారదు.

రారిటన్_ఒడ్డు
నిహాల్ అమ్మగారూ, వ్యాన్ సంగతి. మా చిన్నదాన్ని రెండేళ్ళు పంపాను. మొదటి వారం ఏడ్చింది, ఎక్కాల్సిన వ్యాన్ ఏదో తెలియక. ఆగస్టులోనే ఒకరోజు డేకేర్‌కి తీసుకెళ్ళి ఆ డ్రైవర్ని, ఆ వ్యాన్ని చూపించండి, కూర్చోబెట్టి ఫోటో తీసి ఫ్రిజ్ మీద అంటించండి. వ్యాన్లో పిల్లల సీటు ఎవరు పెడతారో అడగండి, మమ్మల్ని మా బూస్టర్ సీటు తెచ్చుకోమన్నారు. స్కూల్ వాళ్ళకి ఇచ్చే కాగితంలో డేకేర్ పేరు లేకపోతే పిల్లని వదలరు, మాకు అదే జరిగింది, మా పాప ఆఫీసు రూంలో గంటసేపు కూర్చుంది. స్కూల్ బోర్డ్ మీటింగ్‌కి కూడా వెళ్ళండి, ఓటు లేకపోయినా టౌన్లో ఉండేవాళ్ళు మాట్లాడొచ్చు.

నిహాల్_అమ్మ
పొద్దున మూడు డేకేర్లకి ఫోన్ చేశాను. ఒకదాంట్లో వ్యాన్ ఉంది, ఒక్క సీటే ఉందన్నారు, 200 కట్టి పెట్టుకున్నాను. వచ్చే మంగళవారం బోర్డ్ మీటింగ్, మనిషికి మూడు నిమిషాలంట, పేరు రాయించాను. సిరి నాన్నగారూ మీరు మా టౌనేనా? ఇంకో ఇద్దరు వస్తే బాగుంటుంది. ఇంగ్లీష్‌లో ఏం మాట్లాడాలో రాసుకున్నాను, రావు గారు అన్న ట్రెంటన్ డబ్బు మాట కూడా పెట్టాను.

రిటైర్డ్_రావు
మంగళవారం ఎన్నింటికమ్మా? మీది మా టౌనే అయితే నేనూ వస్తాను. పక్కన కూర్చుంటాను కానీ టాక్సు పెంచమంటే మాత్రం లేచి మాట్లాడతాను.

నిహాల్_అమ్మ
7:30కి అంకుల్. మెసేజ్ పెట్టాను చూడండి.

కనెక్టికట్_కొత్త
మా పాప అక్టోబర్‌లో పుట్టింది. ఇక్కడ కిండర్‌లో చేరడానికి 5 నిండాల్సిన కటాఫ్ ఇదివరకు జనవరి 1, 2024 నుంచి సెప్టెంబర్ 1 చేశారు, దాంతో ఇంకో ఏడాది డేకేర్. వేరే స్టేట్‌లో కిండర్ మొదలుపెట్టి మధ్యలో ఇక్కడికి వస్తే కంటిన్యూ చెయ్యనిస్తారా, ఎవరికైనా తెలుసా?