పాల ప్యాకెట్‌పై తేదీ చెరిగిపోతే ఏమి చేయాలి?

ప్రశ్న (నకిరేకల్ నుంచి):
మా ఇంటికి వచ్చే అర లీటరు పాల ప్యాకెట్‌పై 14 అంకెల లైసెన్సు సంఖ్య స్పష్టంగానే ఉన్నది కానీ, తేదీ ముద్ర మాత్రం అంచు అతుకులో పడి, వేలితో రుద్దగానే నీలి మరకగా మారుతున్నది. కాచినా మీగడ కట్టడం లేదు. అధికారి వచ్చేదాకా ఆగకుండా నేనే పరీక్ష చేయించవచ్చునా?

జవాబు (నల్లగొండ):
చేయించవచ్చునండి. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలోని 40వ సెక్షన్ కొనుగోలుదారుకు ఆ హక్కు ఇచ్చింది. అయితే పరీక్షకు పంపదలచినట్లు కొనేటప్పుడే దుకాణదారుకు చెప్పాలి, చాలామంది మరిచేది ఇదే. రుసుము మీరే కట్టాలి, పాలు ప్రమాణాలకు తగినట్లు లేవని తేలితే తిరిగి ఇస్తారు. మీగడ సంగతి వేరు. టోన్డ్ పాలలో, అంటే కొవ్వు తగ్గించిన పాలలో, కొవ్వు కనీసం 3 శాతం ఉంటే చాలు, హోమోజనైజ్ చేసినవైతే (కొవ్వును సన్నని కణాలుగా విడగొట్టి పాలలో కలిపేసినవైతే) మీగడ పైకి తేలదు కూడా. కాబట్టి ముందు ప్యాకెట్‌పై ఏ రకమని రాశారో చూడండి.

జవాబు (మహబూబ్‌నగర్):
ఆహార భద్రతాధికారి తీసే నమూనాను నాలుగు భాగాలు చేసి, ఒకటి విశ్లేషకునికి పంపుతారు. అది అందిన 14 రోజులలో నివేదిక రావాలి. పాలు చెడకుండా అందులో ఫార్మలిన్ చుక్కలు వేస్తారు. అది చూసి, అధికారే కల్తీ చేస్తున్నాడని మా వీధి పెద్దాయన ఒకరు గొడవ పెట్టుకున్నారు! లేబుల్ తప్పుకు అదే చట్టంలోని 52వ సెక్షన్ కింద 3 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
చూశానండి, టోన్డ్ పాలే. ఇక మిగిలింది తేదీ సంగతే.