జంగారెడ్డిగూడెంలో క్లినిక్: పది పడకలతో మొదలుపెట్టాలా, రెండు గదులతోనా?

కొత్త ఎండీ (ఏలూరు):

అందరికీ నమస్కారం. జనరల్ మెడిసిన్‌లో ఎండీ పూర్తయి రెండేళ్లయింది. ప్రస్తుతం ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పనిచేస్తున్నాను. మా అత్తవారిది జంగారెడ్డిగూడెం. బస్టాండుకు అర కిలోమీటరు దూరంలో మా మామగారికి 240 గజాల స్థలం ఉంది. ముఖం 36 అడుగులు, లోతు 60. బుట్టాయగూడెం, జీలుగుమిల్లి వైపు పల్లెల జనం ఏ పని ఉన్నా ఈ ఊరికే వస్తారు కాబట్టి ఇక్కడే ప్రాక్టీసు పెట్టాలని నిర్ణయించుకున్నాను.

అనుకున్నది ఇది. కింద ఓపీ, ల్యాబ్, డిజిటల్ ఎక్స్‌రే, మందుల షాపు. పైన పది పడకలు. కట్టడానికి, యంత్రాలకు కలిపి 85 లక్షల అప్పు, పదేళ్ల గడువు, వడ్డీ పదిన్నర శాతం. ఓపీ ఫీజు 200 అనుకుంటున్నాను. మామగారు శ్రావణంలో శంకుస్థాపనకు ముహూర్తం కూడా పెట్టించేశారు. బోర్డు మీద మా అత్తగారి పేరు ఉండాలని ఆయన కోరిక. ఆవిడ పోయి మూడేళ్లయింది.

నా అనుమానం ఒకటే. ఇంత పెద్దగా మొదలుపెట్టడం మంచిదేనా? ఇంకో సంగతి. పునాది కూడా పడకముందే ఇద్దరు ఆర్‌ఎంపీలు ఇంటికి వచ్చి, “కేసుకు ఎంత ఇస్తారు మేడం?” అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. మా ఆయన టీ ఇచ్చి పంపించారు. ఇలాంటివారితో ఎలా వ్యవహరించాలి?

పలకల ఊరి డాక్టరు (మార్కాపురం):

అమ్మా, నా కూతురి వయసు దానివి కాబట్టి నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోవద్దు.

ముందు ఒక లెక్క వేసి చూడు. నువ్వు చెప్పిన వడ్డీకి, గడువుకు నెల వాయిదా లక్షా పదిహేను వేల దాకా పడుతుంది. నెలకు 26 రోజులు కూర్చుంటే రోజుకు నాలుగు వేల నాలుగు వందల పైచిలుకు. అంటే రోజూ మొదటి 22 మందిని బ్యాంకు కోసమే చూడాలి. నర్సు జీతం, కరెంటు, నీ ఇంటి బియ్యం ఇరవైమూడో మనిషి నుంచి మొదలవుతాయి. కొత్త ఊళ్లో కొత్త డాక్టరుకు మొదటి ఆరు నెలలు రోజుకు పదిహేను మంది వస్తే అదృష్టమే.

నేను 2003లో ఇక్కడ రెండు షట్టర్ల గది అద్దెకు తీసుకుని మొదలుపెట్టాను. ఫీజు 30 రూపాయలు. బల్ల, రెండు బెంచీలు, ఒక మంచం, ఈసీజీ యంత్రం. మూడేళ్లు బాగానే నడిచింది. తర్వాత నాకూ పురుగు కుట్టి, అప్పు చేసి ఎక్స్‌రే పెట్టాను. మా ఊళ్లో పలకల గనుల్లో పనిచేసిన వాళ్లు ఎక్కువ. దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు కాబట్టి అవసరమే అనుకున్నాను. ఒకరోజు దగ్గుతో ఒక పెద్దాయన వచ్చాడు. చీటీ మీద ఎక్స్‌రే రాశాను. ఆయన బెంచీ మీద కూర్చుని, గోనెసంచి లోంచి మడత పడకుండా అట్టల మధ్య పెట్టుకున్న ఫిల్ము బయటకు తీసి, “ఇది పోయిన నెల మీరు తీయించిందే కదయ్యా, అప్పుడే మారిపోయి ఉంటుందా?” అని అడిగాడు. వెటకారం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. ఆ రాత్రి ఓపీ రిజిస్టరు తిరగేశాను. ఆ నెలలో నేను రాసిన ఎక్స్‌రేల్లో సగానికి నా దగ్గరే కారణం లేదు. వాయిదా తేదీ మాత్రం నెలకు పది. ఏడాది తిరగకుండా దాన్ని అమ్మేశాను, నష్టానికే.

అందుకని నా మాట: కొనే ప్రతి యంత్రాన్నీ ‘ఇది లేకపోతే ఈ వారం ఎవరికి ఇబ్బంది?’ అని అడుగు. ఈసీజీ, నెబ్యులైజర్, పల్స్ ఆక్సీమీటర్, చక్కెర చూసే మీటరు, మంచి బీపీ యంత్రం, పరికరాలను ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవ్, ఆక్సిజన్. మొదటి ఏడాదికి ఇవి చాలు. ఎక్స్‌రే పెట్టాలంటే అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్సు, స్కానింగ్ పెట్టాలంటే 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద రిజిస్ట్రేషన్, స్కాన్ చేసిన ప్రతి గర్భిణి వివరాలతో ఫారం ఎఫ్. అవన్నీ మోయడానికి ఇంకా సమయం ఉంది. 2002 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద జిల్లా వైద్య ఆరోగ్యశాఖలో రిజిస్ట్రేషన్ మాత్రం తలుపు తెరవకముందే చేయించుకో.

మందుల షాపు సంగతి. ఎవరో ఒకరు పెద్ద డిపాజిట్ ఇస్తామని వస్తారు. అద్దెకు ఇవ్వు, తప్పు లేదు. షాపుకు కనీసం పది చదరపు మీటర్ల చోటు, రిజిస్టరైన ఫార్మసిస్టు ఉండాలి. కానీ అద్దె నికరంగా మాట్లాడుకో. అమ్మకాల్లో వాటా అన్నావా, నా ఎక్స్‌రే కథే నీ చీటీ మీద మళ్లీ మొదలవుతుంది.

ఆర్‌ఎంపీల విషయం. రోగిని పంపినందుకు డబ్బు ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ 2002 నాటి వైద్య నీతి నియమావళి ప్రకారం తప్పే. ఆ మాట ముఖం మీద చెప్పు, కానీ మనిషిని చులకన చేయకు. పల్లెలో రాత్రి పన్నెండింటికి తలుపు తీసేది అతనే. నేను డబ్బు ఇవ్వనని చెప్పాక మొదటి ఏడాది వాళ్లు నా వీధి మీదుగానే రోగుల్ని పక్క ఆస్పత్రికి తీసుకువెళ్లేవారు. అందులో ఒకాయన మూడో ఏట తన తల్లిని మాత్రం నా దగ్గరికే తెచ్చాడు. మిగతా కేసులు ఇప్పటికీ పక్కకే వెళ్తాయి, అది వేరే సంగతి.

ఇక రోజువారీ నడక. బీపీ, చక్కెర రోగులే నీ క్లినిక్‌కు వెన్నెముక. జ్వరాలు వానతో వచ్చి వానతో పోతాయి. పరగడుపున రక్తం ఇవ్వడానికి ముప్పై కిలోమీటర్ల నుంచి తొలి బస్సుకు వచ్చిన మనిషి, తిన్న రెండు గంటలకు మళ్లీ ఇవ్వాలంటే ఎక్కడ తింటాడు? నేను రెండేళ్లు దీని గురించి ఆలోచించనే లేదు. సగం మంది టీ, బన్ను తిని వచ్చి భోజనం చేశామనేవారు. ఇప్పుడు పక్కనున్న టిఫిన్ బండి ఆయనతో మాట్లాడుకున్నాను. రక్తం ఇచ్చి అక్కడ నాలుగు ఇడ్లీలు తింటారు. మొదటి ముద్ద ఎప్పుడు తిన్నారో ఆయనే చీటీ మీద టైము వేసి పంపుతాడు. మా ల్యాబ్ అబ్బాయి కంటే కచ్చితంగా వేస్తాడు.

రిజిస్టరులో పేరొక్కటే రాయకు. మా దగ్గర ఒక్క ఊరి నుంచే ఐదుగురు వెంకటేశ్వర్లు వస్తారు. ఇద్దరికి బీపీ, ఒకరికి మూర్ఛ. ఒకసారి మూర్ఛ మందుల పాత చీటీ బీపీ వెంకటేశ్వర్లు చేతికి వెళ్లింది. దేవుడి దయ, షాపువాడు అనుమానపడి వెనక్కి పంపాడు. ఇంటిపేరు, ఊరు, తండ్రి లేదా భర్త పేరు, ఓపీ నంబరు తప్పనిసరి. ఫోను నంబరును నమ్ముకోకు, ఏడాదికి రెండుసార్లు మారుతుంది.

ఆస్పత్రి మేనేజరు (ఖమ్మం):

డాక్టరుగారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను కానీ, ఓపీ ఒక్కదానితో నెగ్గుకు రావచ్చన్న ధీమా నాకు లేదు. ఆగస్టు నుంచి నవంబరు దాకా డెంగీ, మలేరియా, టైఫాయిడ్ జ్వరాలు. అది ఏజెన్సీ పక్క ఊరు. ఒక్క రాత్రి కనిపెట్టి చూడాల్సిన రోగిని మంచం లేదని పంపేస్తే అతనే కాదు, అతని ఇంటిల్లిపాదీ మళ్లీ రారు. పది పడకలు వద్దు, ఒప్పుకుంటాను. మూడు మాత్రం వేయండి. రాత్రి నర్సు జీతం ఎంతవుతుందో ముందే రాసుకోండి. పడక ఖర్చంటే మంచం ఖరీదు కాదు, రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది దాకా మెలకువగా ఉండే మనిషి ఖరీదు.

పలకల ఊరి డాక్టరు:

రాత్రి నర్సు దొరికితే మూడు పడకలు. దొరకకపోతే రెండు పగటి మంచాలు. నిద్రపోయే నర్సును పెట్టుకుని రోగిని ఉంచుకోవడం కంటే ఏలూరు పంపడమే నయం.

ఇటుకా సిమెంటూ (విజయవాడ):

మేడం, నేను సివిల్ ఇంజనీరును. చిన్న ఆస్పత్రులు ఏడెనిమిది కట్టాను. అందరూ చేసే తప్పు ఒకటుంది. వానాకాలం నీళ్లు వస్తాయని అరుగు ఎత్తు పెంచేస్తారు, తర్వాత ర్యాంపుకు చోటుండదు. వాలు ఒకటికి పన్నెండు ఉండాలి. అరుగు రెండడుగులు లేపితే ర్యాంపు ఇరవైనాలుగు అడుగులు, పైన కుర్చీ తిప్పుకోవడానికి చదును వేరే. మీ ముఖం 36 అడుగులే. వాస్తు సిద్ధాంతి తూర్పున బేసి సంఖ్యలో మెట్లు అంటాడు. వేయించండి, కానీ ర్యాంపు గీత ముందు గీయించి మిగిలిన చోట మెట్లు వేయించండి. ఈ విషయంలో నేను ముగ్గురు సిద్ధాంతులతో పోట్లాడాను, ఇద్దరు ఒప్పుకున్నారు.

మీ గదికి, రోగులు కూర్చునే చోటుకు మధ్య గోడ శ్లాబు దాకా ఇటుకతో కట్టించండి. ఏడడుగుల అల్యూమినియం పార్టిషన్ వేస్తే లోపల చెప్పుకునే ప్రతి మాటా బెంచీ మీద వాళ్లకు వినిపిస్తుంది. మీరు ఆడ డాక్టరు. ఆడవాళ్లు తమ బాధ చెప్పుకోవడానికే వస్తారు. ఆ గదిలోనే చేతులు కడుక్కునే సింకు, నాలుగడుగుల తలుపు. పైన పడకలు తర్వాత వేసుకుంటానంటే స్తంభాలు, పునాది ఇప్పుడే రెండంతస్తులకు సరిపడా వేయించి కింది భాగం మాత్రం కట్టండి.

నర్సమ్మ (కడప):

డాక్టరుగారూ, ఇరవై ఏళ్లుగా నాలుగు చోట్ల చేశాను. కట్టడం గురించి నాకు తెలియదు, మందుల ట్రే గురించి తెలుసు.

ఒక చోట ఉబ్బసంతో పదేళ్ల పిల్లాడిని తెచ్చారు. పెదాలు నీలం తిరిగాయి. ఆక్సిజన్ సిలిండర్ నిండుగా ఉంది. దాన్ని తిప్పే స్పానరు కనిపించలేదు. పాత కాంపౌండరు దాన్ని సొరుగులో పెట్టి, తాళంచెవి జేబులో వేసుకుని భోజనానికి వెళ్లాడు. నేను సొరుగు పగలగొట్టాను. పిల్లాడు బతికాడు. సొరుగు డబ్బు నా జీతంలోంచి కోశారు. అప్పటినుంచి ఎక్కడ చేరినా మొదటి రోజు సిలిండర్ మెడకు స్పానరును నాడాతో కట్టడం నా అలవాటు. ఇంజెక్షన్ వికటిస్తే వెంటనే వేయాల్సిన అడ్రినలిన్ కూడా తాళం వేసిన బీరువాలో ఉండకూడదు. ఇంజెక్షన్ వేసే బల్ల మీదే ట్రేలో ఉండాలి. ప్రతి నెల ఒకటో తారీఖున గడువు తేదీలు చూసి సంతకం పెట్టే కాగితం దాని కిందే ఉండాలి.

వ్యర్థాల డబ్బాలు నాలుగు రంగులు. సూదులు తెల్ల డబ్బాలో, సిరంజిలు, సెలైన్ గొట్టాలు, గ్లౌజులు ఎర్రదానిలో, రక్తం అంటిన దూది, కట్లు పసుపులో, గాజు సీసాలు నీలంలో. అంటురోగాల చెత్త 48 గంటలు దాటి ఉంచకూడదు కాబట్టి, తీసుకెళ్లే బండి మీ వీధికి ఏ రోజుల్లో వస్తుందో ముందే ఒప్పందం చేసుకోండి. ఇవన్నీ నర్సుకు చెబుతారు, ఊడ్చే ఆయమ్మకు ఎవరూ చెప్పరు. సూది గుచ్చుకునేది ఆమెకే. పనిలో చేరే ముందే హెపటైటిస్ బి టీకా మీ ఖర్చుతో మొదలుపెట్టించండి. మూడు డోసులు, మొదటి రోజు, నెలకు, ఆరు నెలలకు.

జీతం ఒకటో తారీఖున ఇవ్వండి. ఐదో తారీఖు వరకు ఆగమన్న చోట నేను ఏడాది మించి లేను.

కొత్త ఎండీ:

అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి మా ఇంట్లో ఈ సమాధానాలన్నీ గట్టిగా చదివి వినిపించాను. 22 మంది లెక్క విని మా మామగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “పునాది మాత్రం రెండంతస్తులకు వేద్దాం” అన్నారు. కాబట్టి కింద ఓపీ, చిన్న ల్యాబ్, అద్దెకు మందుల షాపు, మూడు పడకలు. రాత్రి నర్సు దొరికేదాకా అవి పగటి మంచాలే. ఎక్స్‌రే తీసేశాం. అప్పు సగానికి తగ్గుతుంది.

ఇంకా రెండు ప్రశ్నలు. ఒకటి, మామగారు ఇరవై అడుగుల వెడల్పు బోర్డు, చుట్టూ లైట్లు అంటున్నారు. రెండు, ఇక్కడ సెలైన్ ఎక్కించనిదే వైద్యం కాదనుకుంటారు. మీరు ఎలా నెట్టుకొచ్చారు?

పలకల ఊరి డాక్టరు:

అసాధారణంగా పెద్ద బోర్డు పెట్టకూడదని ఆ నీతి నియమావళిలోనే ఉంది. డాక్టరు గురించి నీ పేరు, చదువు, ఏ విభాగం, ఏ రాష్ట్ర మండలిలో ఏ రిజిస్ట్రేషన్ నంబరో, అంతే. మందుల షాపు మీద నీ బోర్డు వేలాడదీయడం కూడా కుదరదు. క్లినిక్‌కు అత్తగారి పేరు పెట్టుకో, బాగుంటుంది. ఆవిడ ఫోటో లోపల పెట్టండి, దాని కింద ఫీజు ఎంతో రాసిన పలక. ఫీజు అందరికీ కనిపించేలా ఉండాలని నియమం కూడా. మామగారికి ఇలా చెప్పి చూడు: పెద్ద బోర్డు చూసి వచ్చేవాడు, ఇంకా పెద్ద బోర్డు లేచిన రోజున అటు వెళ్తాడు.

సెలైన్ సంగతి. మా ఊళ్లో నన్ను ఐదారేళ్లు ‘సూది వేయని డాక్టరు’ అనేవారు. అది తిట్టు. వాదించి లాభం లేదు. కాదన్నప్పుడు రోగిని ఉత్త చేతులతో పంపకూడదు, అది నేర్చుకున్నాను. పరీక్ష బల్ల మీద పడుకోబెట్టి పొట్ట నొక్కి చూడు, కళ్లు చూడు, నాలుక చూడు. ఓఆర్‌ఎస్ పొట్లం చించి, లీటరు నీళ్లలో వాళ్ల ముందే కలిపి, ఒక గ్లాసు తాగించి పంపు. అరగంట పడుతుంది, బయట బెంచీ మీద గొణుగుతారు. గొణగనీ. అవసరమైన వాడికి మాత్రం వెంటనే ఎక్కించు, అప్పుడు ‘డాక్టరమ్మకు వేయడం వచ్చు’ అని కూడా ఊరికి తెలుస్తుంది.

శంకుస్థాపన అయ్యేలోపు ఒక పని చెయ్యి. మీ స్థలం చుట్టుపక్కల టిఫిన్ బండి ఎక్కడుందో చూసి, ఉదయం ఎనిమిదింటికల్లా ఇడ్లీ దిగుతుందో లేదో కనుక్కో.