రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి కార్లతో ఇప్పుడు పందేలు అవసరమా?

లెక్కలమాస్టారు:
ఆనాటి ఇంగ్లిషు రేసు డ్రైవరు బర్కిన్ నడిపిన ఒంటిసీటు బ్లోయర్ బెంట్లీ (ఇంజన్‌లోకి గాలిని బలంగా తోసే సూపర్‌చార్జర్ బిగించిన బెంట్లీ కారు) 2012లో ఇంగ్లండులోని గుడ్‌వుడ్ వేలంలో 50 లక్షల పౌండ్లకు పైగా పలికింది. ఆ కాలపు కార్లను ఇంగ్లండులో ఇప్పటికీ పందేల్లో తోలుతున్నారు. గోడకు గుద్దితే ఎవరు జవాబుదారీ? మ్యూజియంలో పెట్టి చూపిస్తే చాలదా? నాకైతే ఇది డబ్బున్నవాళ్ల తిక్కలాగే ఉంది.

మాగ్నెటో:
మాస్టారూ, మ్యూజియంలో నిలబెట్టిన కారు తన రంగు చూపిస్తుంది, అంతే. ఆనాటి కార్లలో చాలావాటికి యాక్సిలరేటర్ మధ్యలో, బ్రేకు కుడిపక్కన ఉండేవి. గేరు తగ్గించాలంటే క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తేవాలి, క్లచ్ వదిలి ఇంజన్ వేగం పెంచాలి, మళ్లీ క్లచ్ తొక్కి గేరు వెయ్యాలి. లెక్క తప్పితే గేరు పళ్లు గరగరమంటాయి. టైర్లు సన్నవి, మలుపులో కారు మొత్తం పక్కకు జారుతుంది. డ్రైవరు మోచేతులతో స్టీరింగును ఎలా లొంగదీస్తున్నాడో గట్టు మీద నిలబడిన మనకు కనిపిస్తుంది. ఇప్పటి ఫార్ములా వన్‌లో హెల్మెట్ తప్ప ఏముంది చూడటానికి? పైగా ఆముదంతో చేసిన ఇంజన్ ఆయిల్ కాలే వాసన!

ఇక తిక్క సంగతి. ఈ పందేలు నడిపే వింటేజ్ స్పోర్ట్స్‌-కార్ క్లబ్బును 1934లో పెట్టింది పెద్దగా డబ్బులేని ఔత్సాహికుల కోసమే. అక్కడ 747 సీసీ ఆస్టిన్ సెవెన్లు ఇప్పటికీ పరుగెడుతున్నాయి.

నిమ్మళం:
వాసన సరే. చాలావాటికి సీటు బెల్టు లేదు, బోల్తా పడితే తల కాచే కమ్మీ లేదు. అప్పటివాళ్లకు గత్యంతరం లేదు, మనకు ఉంది. బర్కిన్ జట్టులోని మరో బ్లోయర్‌నే విప్పి, లేజర్‌తో కొలతలు తీసి, బెంట్లీ కంపెనీ కొత్తగా 12 బ్లోయర్లు కట్టింది. పందేలు వాటితో పెట్టుకోండి.

బుగాట్టిభక్తుడు:
ఈ బ్లోయర్‌ను దేవుణ్ణి చేసి గుళ్లో పెట్టడం విడ్డూరం. సూపర్‌చార్జర్ బిగించడం కంపెనీ పెట్టిన డబ్ల్యూ.ఓ. బెంట్లీకే ఇష్టం లేదు, బ్లోయర్ లె మాన్స్ 24 గంటల పందెం ఒక్కసారీ గెలవలేదు. దాని గొప్పతనమంతా 1930 ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీలో ఉంది. పో పట్టణంలో, తేలికపాటి బుగాట్టీల మధ్య, బరువైన నాలుగు సీట్ల బ్లోయర్‌ను బర్కిన్ రెండో స్థానానికి తెచ్చాడు. గెలిచింది బుగాట్టీయే లెండి. అంత తేడా ఉన్న బళ్లు పక్కపక్కన పరుగెత్తడం ఈ పందేల్లోనే చూస్తాం. ఇంకా వెనక్కి వెళ్తే 1911 నాటి ఫియట్ ఎస్76 ఉంది: సిలిండర్లు నాలుగే, ఒక్కోటి 7 లీటర్లు. దాన్నీ బాగుచేసి గుడ్‌వుడ్‌లో నడిపారు.

మాగ్నెటో:
నిమ్మళం గారూ, ప్రాణం విషయంలో మీ మాట కాదనలేను. కానీ తెలిసి ఎక్కేవాడి ఇష్టం అది. బండి విషయానికొస్తే, పందెం కారుకు ఇంజన్ దిమ్మ పగిలితే కొత్తది పోత పోయించడం ఆనాడూ ఉన్నదే.

లెక్కలమాస్టారు:
ఆస్టిన్ సెవెన్లకు నా అభ్యంతరం లేదు, హాయిగా తోలుకోండి. బర్కిన్ ఒంటిసీటు బండి 1932లో బ్రూక్‌లాండ్స్‌లో గంటకు 137.96 మైళ్ల వేగంతో చుట్టు తిరిగింది. ఆ ట్రాకులో పందేలు 1939తోనే ఆగిపోయాయి. ఆ రికార్డుకు గుర్తుగా ఇక మిగిలింది ఈ బండే. దాన్ని మాత్రం పందెంలోకి దింపవద్దంటాను.