గోల్ఫ్ కోర్సు బండ్ల డిజైన్‌లో కొత్తగా చేరాను, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న, అగస్టా నుంచి:

అందరికీ నమస్కారం. ఈమధ్యే జార్జియా వచ్చాను. గోల్ఫ్ కోర్సుల నిర్వహణకు వాడే చిన్న యుటిలిటీ బండ్ల కంపెనీలో చాసిస్ టీమ్‌లో చేరాను. అంతకుముందు చెన్నైలో కార్ల సస్పెన్షన్ మీద పనిచేశాను. ఇక్కడ నాకిచ్చింది ఇద్దరు కూర్చునే ఎలక్ట్రిక్ బండి వెనకభాగం: కార్గో బాక్సు, యాక్సిల్, స్ప్రింగులు. బాక్సు రేటింగ్ 360 కిలోలు, లోడుతో మొత్తం బరువు 1000 కిలోలు, గరిష్ఠ వేగం గంటకు 24 కి.మీ. కార్ల లెక్కలే ఇక్కడా వేస్తుంటే మా లీడ్ "ముందు ఒక కోర్సుకి వెళ్ళి చూసి రా" అన్నారు. వచ్చే వారం వెళ్తున్నాను. ఏం చూడాలి, ఏ స్టాండర్డ్‌లు చదవాలి, లెడ్ యాసిడా లిథియమా? ఈ పనిలో ఉన్న అన్నయ్యలు, అక్కయ్యలు కాస్త చెప్పండి.

షార్లెట్ నుంచి:

స్వాగతం అమ్మా. మీ లీడ్ సరైన మాటే చెప్పారు. కారులో మీరు లోపల కూర్చున్న మనిషి కోసం సస్పెన్షన్ ట్యూన్ చేశారు. ఇక్కడ ముందు చూడాల్సింది టైరు కింద ఉన్న గడ్డి. సూపరింటెండెంట్ (కోర్సు గడ్డి బాధ్యత చూసే అధికారి) బండి కొనాలో వద్దో తేల్చుకునేది చాలావరకు అది వెళ్ళిన దారి చూసే.

టైరుతో మొదలుపెట్టండి. నేల మీద పడే ఒత్తిడి దాదాపు టైరులో గాలి ఒత్తిడికి సమానం. మీ బండిలో వెనక 60 శాతం పడితే ఒక్కో వెనక చక్రం మీద 300 కిలోలు. గాలి 12 పి.ఎస్.ఐ. ఉంటే నేలకు ఆనే వైశాల్యం సుమారు 355 చదరపు సెంటీమీటర్లు. 24 పి.ఎస్.ఐ. కొడితే అది సగమవుతుంది, తడి ఫెయిర్‌వే (ఆట సాగే, కత్తిరించిన గడ్డి పట్టీ) మీద గాడి పడుతుంది. కాబట్టి తక్కువ గాలితో ఆ లోడు మోయగలిగే వెడల్పు టైరు, నున్నటి టర్ఫ్ ట్రెడ్, గుండ్రటి భుజాలు కావాలి. భుజం పదునుగా ఉంటే మలుపులో గడ్డిని కోస్తుంది. ఇంకో మాట. పైపొర నలగడం టైరు గాలిని బట్టి ఉంటుంది కానీ, లోతున నేల గట్టిపడడం యాక్సిల్ మీది మొత్తం బరువును బట్టి ఉంటుంది. వెడల్పు టైరు వేశాం కదా అని బరువు పెంచుకుంటూ పోతే నీరు ఇంకని నేల మిగులుతుంది.

రెండోది డిఫరెన్షియల్, అంటే మలుపులో రెండు వెనక చక్రాలనూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు. మీ వెనక ట్రాక్ (ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం) 1 మీటరు అనుకుందాం. 90 డిగ్రీల మలుపులో బయటి చక్రం లోపలిదానికంటే 1.57 మీటర్లు ఎక్కువ తిరగాలి. మలుపు పెద్దదైనా చిన్నదైనా ఈ తేడా మారదు. యాక్సిల్ లాక్ అయి ఉంటే ఆ 1.57 మీటర్లూ టైర్లు గడ్డి మీద జారాల్సిందే. మలుపు చిన్నదైతే ఆ జారుడంతా కొద్దిపాటి జాగాలోనే పడుతుంది, అందుకే టీ బాక్సుల (ఆట మొదలుపెట్టే గడ్డి తిన్నెల) మూలల్లో గడ్డి వేళ్ళతో సహా లేస్తుంది. మామూలుగా ఓపెన్ డిఫరెన్షియల్ ఉండాలి. లాక్ ఇస్తే తొక్కి పట్టుకున్నంతసేపే పనిచేసి, కాలు తీయగానే దానంతటదే విడిపోవాలి. మన గోదావరి జిల్లాల్లో ట్రాక్టరు దమ్ములో దిగబడినప్పుడు డ్రైవరు లాక్ పెడల్ తొక్కి, గట్టెక్కగానే వదిలేస్తాడే, సరిగ్గా అలాగన్నమాట. స్విచ్చు పెడితే ఒకసారి వేసినవాళ్ళు రోజంతా అలాగే వదిలేస్తారు.

విస్కాన్సిన్ నుంచి:

పైన చెప్పిన టైరు లెక్క 360 కిలోలకు. ఆ 360 కిలోలు కాగితం మీదే ఉంటాయి తల్లీ. మీ బాక్సు లోపలి కొలతలు 1.2 × 1.1 మీటర్లు, ఎత్తు 28 సెం.మీ. అనుకోండి. అంటే 0.37 ఘనమీటర్లు. పొడి ఇసుక ఘనమీటరుకు 1600 కిలోలు, తడిది 1900 దాకా ఉంటుంది. అంచుదాకా తడి ఇసుక నింపితే 700 కిలోలు! లోడర్‌తో ఒక్క బకెట్ గుమ్మరించేవాడికి కొలత బాక్సు అంచే. తడి ఇసుకకి 360 కిలోలంటే అడుగునుంచి 14 సెం.మీ. ఎత్తు మాత్రమే. ఆ ఎత్తులో బాక్సు గోడమీద గీత అచ్చుగా పోయించండి, స్టిక్కరు ఇసుక రాపిడికి కొద్దిరోజుల్లోనే పోతుంది. పక్కనే అక్షరాలతోపాటు బొమ్మ ఉండాలి, స్పానిష్ కూడా ఉండాలి. ఈ దేశంలో చాలా కోర్సుల్లో క్రూ మాట్లాడేది స్పానిషే.

గీత పెట్టాం కాబట్టి బాధ్యత తీరిందనుకోవద్దు. యాక్సిల్ ట్యూబు, హబ్ బేరింగులు, స్ప్రింగు హ్యాంగర్లు (స్ప్రింగును ఫ్రేమ్‌కి పట్టే బ్రాకెట్లు) 700 కిలోలకు వంగకూడదు. రేటింగ్ అలాగే ఉండనివ్వండి, అలసట పరీక్షలో మాత్రం కొన్ని సైకిళ్ళు నిండు బాక్సుతో నడపండి. విరిగేది సాధారణంగా హ్యాంగర్ బ్రాకెట్ వెల్డు చివర. అక్కడ వెల్డును బ్రాకెట్ మూలలో ఆపకుండా, మూల చుట్టూ తిప్పి ముగించండి.

స్ప్రింగుల్లో మీ కార్ల అనుభవం బాగా పనికొస్తుంది. ఖాళీ బండికీ నిండు బండికీ వెనక లోడులో తేడా రెండింతలు దాటుతుంది. ఒకే రేటు స్ప్రింగు పెడితే ఖాళీగా ఉన్నప్పుడు పారలూ రేకులూ ఎగిరిపడతాయి, లేదా నిండినప్పుడు అడుగంటుతుంది. రెండు దశల లీఫ్ స్ప్రింగు, దానికి తోడు పొడవైన మెత్తటి బంప్ స్టాపు మంచిది.

బాక్సు బరువు కేంద్రం వెనక యాక్సిల్‌కి ముందే పడేలా చూడండి. యాక్సిల్‌కి 15 సెం.మీ. వెనక పడి, వీల్‌బేస్ (ముందు, వెనక యాక్సిళ్ళ మధ్య దూరం) 1.7 మీటర్లయితే, 700 కిలోల లోడు ముందు చక్రాల మీదనుంచి 62 కిలోలు ఎత్తేస్తుంది. గట్టు ఎక్కేటప్పుడు స్టీరింగ్ తేలిపోయేది అందుకే. డంపు చేసేటప్పుడు ఇంకా జాగ్రత్త. తడి ఇసుక ముందు గోడకు అంటుకుని జారదు, బరువంతా పైకి లేస్తుంది, ఏటవాలుగా నిలబడిన బండి పక్కకు ఒరుగుతుంది. నున్నటి ప్లాస్టిక్ లైనరు, డంపు కోణం 45 డిగ్రీలకు తగ్గకుండా, ముందు మూలలు గుండ్రంగా.

టెయిల్‌గేటు సందు చిన్న విషయంలా కనిపిస్తుంది, కాదు. దారిపొడవునా రాలిన ఇసుకమీద తర్వాత రీల్ మోవర్ (గడ్డి కోసే యంత్రం) వెళ్తే తిరిగే బ్లేడూ, దాని కింద కదలకుండా ఉండే బెడ్‌నైఫూ మొద్దుబారతాయి. రాలిపడిన పిన్ను గానీ బోల్టు గానీ అయితే ఏకంగా రీలే పోతుంది. మీ బండిలో చేత్తో తీసే ప్రతి పిన్నుకూ తీగ కట్టి ఉండాలి. కాటర్ పిన్నులు వీలైనంత మానేయండి.

మిన్నెసోటా నుంచి:

బ్యాటరీ గురించి. ముందు శక్తి లెక్క వేయండి, కెమిస్ట్రీ తర్వాత. గడ్డిమీద రోలింగ్ నిరోధం తారురోడ్డుకంటే చాలా ఎక్కువ, 0.08 తీసుకోండి, అంటే బరువులో 8 శాతం. 1000 కిలోలకు 785 న్యూటన్లు, అంటే కిలోమీటరుకు 0.22 యూనిట్లు. మోటారు, గేర్లు, కంట్రోలర్ కలిపి 70 శాతం సామర్థ్యమైతే 0.31. రోజుకు 20 కి.మీ. నిండు లోడుతో తిరిగితే 6.2 యూనిట్లు. 8 వోల్టుల 170 ఆంపియర్-అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఆరు పెడితే కాగితం మీద 8.2. కానీ ఆ సంఖ్య 20 గంటలపాటు నెమ్మదిగా వాడితే వచ్చేది. ఎక్కువకాలం మన్నాలంటే సగం మించి వాడకూడదు కూడా. చేతికి దక్కేది 4 యూనిట్లే. క్లబ్‌హౌస్ చుట్టూ చెత్తడబ్బాలు మార్చే బండికి అది చాలు. ఇసుక మోసే బండికి చాలదు. మీరు చెప్పిన పనికి నా ఓటు లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కే.

అయితే మార్చేటప్పుడు నాలుగు చిక్కులున్నాయి. ఆ ఆరు లెడ్ బ్యాటరీలు ఒక్కోటి 29 కిలోల చొప్పున 174 కిలోలు, సీటు కింద, తక్కువ ఎత్తులో కూర్చుని బండిని నిలబెడుతున్నాయి. లిథియంతో అందులో సగం పైగా పోతుంది, కాబట్టి లోడుతో ఉన్న బండి గురుత్వకేంద్రం పైకి జరుగుతుంది. పాత బండికి చేసిన టిల్ట్ పరీక్ష (బండిని వంచి ఒరిగే హద్దు చూసేది) కొత్తదానికి చెల్లదు, మళ్ళీ చేయాలి. రెండోది, పూర్తి చార్జితో షెడ్డునుంచి బయల్దేరగానే దిగుడు వస్తే బ్యాటరీ రీజెన్‌ని (బండి నెమ్మదించేటప్పుడు మోటారు తిరిగి పంపే కరెంటుని) తీసుకోదు, అలవాటైన బ్రేకింగ్ ఒక్కసారిగా మాయమవుతుంది. చార్జిని కాస్త ముందే ఆపండి, ఘర్షణ బ్రేకులు మాత్రం ఒంటరిగానే నిండు బాక్సును ఆపగలగాలి. మూడోది, సున్నా డిగ్రీలకు దిగువన చార్జి చేస్తే సెల్ పాడవుతుంది, మా వైపు హీటరు తప్పనిసరి. నాలుగోది, పర్మనెంట్ మాగ్నెట్ మోటారైతే బండిని లాక్కెళ్ళేటప్పుడు అది జనరేటరై కంట్రోలర్‌ని కాల్చేస్తుంది. టో స్విచ్చు సీటెత్తగానే కనిపించేచోట పెట్టండి.

అగస్టా నుంచి:

చాలా థాంక్సండీ అందరికీ. ఇదే చాసిస్ మీద తర్వాత స్ప్రే ట్యాంకు వెర్షన్ కూడా అంటున్నారు. బాక్సు తీసి ట్యాంకు పెట్టేస్తే సరిపోతుందా? స్టాండర్డ్‌ల సంగతి కూడా చెప్పగలరా?

షార్లెట్ నుంచి:

సరిపోదమ్మా. నిండు ట్యాంకుకంటే సగం ట్యాంకు ప్రమాదం, నీళ్ళు పక్కకు పరిగెత్తుతాయి. లోపల అడ్డగోడలు బండి పొడవునా, వెడల్పునా రెండు దిశల్లోనూ ఉండాలి. ఒరిగే హద్దును ఉజ్జాయింపుగా ట్రాక్‌లో సగాన్ని గురుత్వకేంద్రం ఎత్తుతో భాగించి చూడొచ్చు, వచ్చేది ఆ కోణం టాంజెంట్. ట్రాక్ 1.1 మీటర్లు, ఎత్తు 0.6 అయితే సుమారు 42 డిగ్రీలు. ఎత్తు 0.8కి పెరిగితే 34. టైర్లు, స్ప్రింగులు నొక్కుకుపోవడం, నీటి ఊపు కలిస్తే అసలు హద్దు ఇంకా తక్కువ. 200 గ్యాలన్ల ట్యాంకు అంటే నీళ్ళే 757 కిలోలు, మీ తరగతి బండి దాన్ని మోయకూడదు. సేల్స్‌వాళ్ళు అడిగితే గట్టిగా కాదనండి.

స్టాండర్డ్‌లు: గోల్ఫ్ కార్లది ఆన్సీ (అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ) జడ్ 130.1, దాని హద్దు గంటకు 15 మైళ్ళు, మీ 24 కి.మీ. అదే. కానీ మీది మనుషుల్నీ సరుకునీ మోసే బండి, కాబట్టి ఆన్సీదే బి 56.8 చదవండి, 25 మైళ్ళ లోపు బండ్లు దాని కిందికి వస్తాయి. పక్కనే ఎస్‌ఏఈ (వాహన ఇంజినీర్ల సంఘం) జె 2258 పెట్టుకోండి. 25 మైళ్ళు దాటితే బి 71.9, అక్కడ రోల్‌ఓవర్ రక్షణ, బెల్టుల కథ మొత్తం మారిపోతుంది. బెల్టు లేకుండా రోల్‌ఓవర్ ఫ్రేమ్ ఒక్కటే పెట్టే ఆలోచన ఎవరన్నా చెబితే ఒప్పుకోవద్దు, ఒరిగినప్పుడు మనిషి బయటపడి ఆ ఫ్రేమ్ కిందే నలుగుతాడు. లోడు పెరిగిందని వేగం పెంచమని అడగడం మామూలే, ఏ గీత దాటుతున్నారో ముందే చూసుకోండి. పబ్లిక్ రోడ్డు దాటే కోర్సులుంటే రాష్ట్రం నిబంధనలు వేరుగా చూడాలి.

విస్కాన్సిన్ నుంచి:

ఇంకొకటి మర్చిపోకండి, తుప్పు. అమ్మోనియం సల్ఫేటు, పొటాష్ బాక్సులోంచి కారి ఫ్రేమ్‌లోకి చేరతాయి, సాయంత్రం ప్రెషర్ వాషర్‌తో కడిగినప్పుడు కరిగి మూలమూలకూ వెళ్తాయి. మూసిన ట్యూబులకు అడుగున 12 మి.మీ. రంధ్రాలు పెట్టండి, లోపలికీ ఇ-కోట్ (తుప్పు పట్టకుండా వేసే పూత) చేరుతుంది, నీళ్ళూ బయటికి పోతాయి. కనెక్టర్లకు ఐపీ 67 అని చూసి సంతృప్తి పడొద్దు, అది నీళ్ళలో మునగడానికి. వాషర్ దెబ్బకు ఐపీ 69కె కావాలి, లేదా వాషర్ ధార నేరుగా తగలని చోట కనెక్టర్ పెట్టాలి. డంపుకి హైడ్రాలిక్ వద్దు, ఎలక్ట్రిక్ యాక్చుయేటరే మేలు. వేడి నూనె గొట్టం ఒక్కటి పగిలితే బండి వెళ్ళినంత మేర గడ్డి చారలా చచ్చిపోతుంది.

కోర్సుకు తెల్లవారుజామున ఐదున్నరకల్లా చేరండి, ఆటగాళ్ళు వచ్చేసరికి సగం పని అయిపోతుంది. సూపరింటెండెంట్‌ని పలకరించి, తర్వాత ఎక్కువసేపు షెడ్డులో ఎక్విప్‌మెంట్ మేనేజర్ దగ్గర గడపండి. విరిగిన భాగాల కుప్ప చూపించమనండి. ఏ బ్రాకెట్ ఎక్కడ చీలింది, ఎవరు ఇనుపముక్క వేసి వెల్డు చేసుకున్నారు అన్నది ఫొటో తీసుకోండి, అనుమతి అడిగాకే. 0 నుంచి 30 పి.ఎస్.ఐ. చూపే గేజు పట్టుకెళ్ళండి, మామూలు గేజు తక్కువ ఒత్తిడిని సరిగ్గా చూపదు. ప్రతి బండి టైరూ కొలవండి, డ్రాయింగులో రాసినదానికి రెట్టింపు గాలి కనిపిస్తే ఆశ్చర్యపోకండి, పంక్చర్ల భయంతో కొట్టేస్తారు. ఇసుక మోయడానికి వాడే 5 గ్యాలన్ల బకెట్ నిండా తడి ఇసుక 36 కిలోలు ఉంటుంది, ఎన్ని బకెట్లు వేస్తున్నారో లెక్కపెడితే లోడు తెలిసిపోతుంది. వీలైతే చక్రాల కింద పెట్టే తూకాలు నాలుగు అద్దెకు తీసుకెళ్ళి, అదే బండిని ఖాళీగా ఒకసారి, వాళ్ళు మామూలుగా నింపాక ఒకసారి తూయండి. నాలుగు చక్రాల అంకెలూ విడివిడిగా రాసుకోండి, డ్రైవరు కూర్చుని ఉండగానే. ఆ కాగితం ఇక్కడ పెడితే స్ప్రింగు రేట్లు అందరం కలిసి చూద్దాం.