అసంప్షన్ ప్రశ్నల్లో "అందరూ", "కొందరైనా" దగ్గర తప్పు పోతోంది

బీటీఎం_రాత్రిబడి:
ప్రశ్న ఇది: "బెంగళూరు ఎల్లో లైన్ మెట్రో సిల్క్ బోర్డ్ జంక్షన్ మీదుగా నడుస్తోంది. కాబట్టి ఆ జంక్షన్‌లో ట్రాఫిక్ తగ్గుతుంది." చెప్పకుండా వదిలేసిన అసంప్షన్ ఏది?
ఎ) అటు రోడ్డు మీద వెళ్ళేవాళ్ళందరూ మెట్రోకి మారతారు
బి) వాళ్ళలో కొందరైనా మారతారు
సి) ట్రాఫిక్ తగ్గితే గాలి బాగుపడుతుంది
డి) బస్సు కంటే మెట్రో చవక
నెగేషన్ పెట్టి (ఆప్షన్‌ని తిప్పి రాసి, అప్పుడూ వాదన నిలుస్తుందా అని) చూస్తే ఎ, బి రెండింటికీ వాదన కూలుతోంది. ఆన్సర్ కీలో బి ఒక్కటే ఉంది. ఎందుకని?

తిరగేసి_చూడు:
తప్పు లాజిక్‌లో కాదండీ, తెలుగులో ఉంది. ఎ ని తిప్పి "అందరూ మారరు" అని రాసుకుని ఉంటారు. ఆ మాటని "ఎవ్వరూ మారరు" అనీ అనుకోవచ్చు, "మారనివాళ్ళూ ఉంటారు" అనీ అనుకోవచ్చు. మనకి కావలసింది రెండోదే. ఒక్కడు కారు దిగనన్నా ఎ అబద్ధమే. ఆ ఒక్క కారు వల్ల ట్రాఫిక్ తగ్గకుండా పోదుగా! వాదన నిలబడింది కాబట్టి ఎ కొట్టేయండి. బి ని తిప్పితే "ఒక్కరూ మారరు". రైలు నడుస్తున్నా రోడ్డు మీద అవే బండ్లు, వాదన పోయింది.
అలాగే "ఇదొక్కటే మార్గం" తిప్పితే "ఇంకోటి కూడా ఉంది". "తప్పకుండా జరుగుతుంది" తిప్పితే "జరగకపోవచ్చు", అంతేగానీ "జరగదు" కాదు.

కాబట్టి_ఎక్కడ:
అన్నిటినీ తిప్పుతూ కూర్చుంటే టైం చాలదు. ముందు "కాబట్టి" పట్టుకోండి, ఆ మాట తర్వాత వచ్చేది ముగింపు. ఆ ముగింపు నిజమయ్యాక ఏమవుతుందో చెప్పే సి లాంటివి పర్యవసానాలు, అవి పోతాయి. ఇచ్చిన వాక్యాన్నే మాటలు మార్చి చెప్పే ఆప్షన్ కూడా పోతుంది, పైకి చెప్పేశాక అది అసంప్షన్ ఎలా అవుతుంది? డి ఊరిస్తుంది గానీ, చవక కాకపోయినా టైం కలిసొస్తుందని ఎక్కేవాళ్ళుంటారు. మిగిలిన రెండింటికే నెగేషన్.

తిరగేసి_చూడు:
ఒక్క జాగ్రత్త. లా కోర్సుల ప్రవేశ పరీక్ష ఎల్‌శాట్‌లో "ఏది నిజమనుకుంటే ముగింపు ఖాయం?" అని కూడా అడుగుతారు. అక్కడ నెగేషన్ పనిచేయదు, బలమైన మాటే జవాబు కావచ్చు. అక్కడ కూడా ఎ ఒక్కటే చాలదు: ఖాళీ అయిన రోడ్డు చూసి కొత్త బండ్లు దిగవని కూడా ఉండాలి.

బీటీఎం_రాత్రిబడి:
"అందరూ మారరు" అనే రాసుకున్నాను, దొరికింది. అయితే "మాత్రమే" ఉన్న ఆప్షన్లు చూడగానే కొట్టేయొచ్చా?

కాబట్టి_ఎక్కడ:
వద్దు. స్టేట్‌మెంట్‌లో "మాత్రమే" ఉందేమో చూడండి. "ట్రాఫిక్ తగ్గించేది మెట్రో మాత్రమే, కాబట్టి డబ్బంతా దానికే పెట్టాలి" అన్నవాడు ఆ డబ్బు మెట్రోకి పెడితేనే ఎక్కువ ఉపయోగమని అనుకుంటున్నట్టే. బలమైన వాదనకి బలమైన అసంప్షనే కావాలి.