పెద్దల పాటలు రికార్డు చేస్తున్నాం, ఎలా దాచాలో చెప్పండి

మాది కొండ మీది ఆదివాసీ ఊరు. మా భాషకు లిపి లేదు, పాటలన్నీ పెద్దవాళ్ల నోటనే ఉన్నాయి. అందుకే ఫోన్‌లో రికార్డు చేస్తున్నాను. మొన్న మా అవ్వ విత్తనాల పాట మధ్యలో ఆపేసి, ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టింది. "ఇక్కడి నుంచి పూజ రోజునే పాడాలి, బయటికి పోకూడదు" అంది. సరేనని ఆపేశాను. కానీ ఆ చరణాలు ఆమెతోనే పోతాయేమోనని ఒకటే దిగులు.

ఇలాంటి సంపదపై హక్కు ఆదివాసులదేనని 2007 నాటి ఐక్యరాజ్యసమితి ప్రకటన, 31వ అధికరణంలో ఉంది. మరి అవ్వ ఒప్పుకుంటే, మా ఊరివాళ్లు మాత్రమే వినేలా ఆ ఫైళ్లను ఎక్కడ, ఎలా దాచాలి? తాళం ఎవరి చేతిలో ఉండాలి? ఇలా చేసినవాళ్లు దయచేసి చెప్పండి. గాలి హోరులో అవ్వ గొంతు సరిగా వినబడట్లేదు, దానికీ ఏదైనా ఉపాయం ఉందా?